యంత్రశాస్త్ర విద్యాభ్యాసము: ప్రథమసోపానము మొదలు పరిశోధన వఱకు

ఉన్నత పాఠశాలయందుఁ జదువు ముగియు దినములు సమీపించినకొలఁది బాలబాలికల మనస్సులందును, వారి తల్లిదండ్రుల మనస్సులందును ఒక ప్రశ్న బలపడుచుండును. "ఇఁకముందేమి చదువవలెను?" అనునదియే యా ప్రశ్న. దీనికిఁ బ్రత్యుత్తరముగాఁ బెక్కు గృహములందు "ఇంజనీరింగు" అను నొక్క మాటయే వినవచ్చుచున్నది. కాని యా విద్య యెట్టిది, అందు నేర్పఁబడు విషయము లెవ్వి, దాని కెన్ని సంవత్సరములు పట్టును, దాని తుదిమెట్టు ఎచ్చట నున్నది, ఎట్టివారు దానికిఁ దగినవారు అను సంగతులను విచారించి యా మాట పలుకువారు తక్కువ. ఊరిపేరు తెలియక టిక్కెట్టు కొని రైలెక్కినవానివలె నాలుగేండ్లు గడపి, తుదకు విసిగి దిగిపోవు యువకులు కొందఱు కలరు. అట్లు జరుగకుండుటకై మెకానికల్ ఇంజనీరింగను యంత్రశాస్త్ర విద్యను గూర్చి యీ వ్యాసమునందుఁ గ్రమముగా వివరింతుము.

1. యంత్రశాస్త్ర మననేమి?

శక్తిని ఒక రూపమునుండి మఱియొక రూపమునకు మార్చి, దానిచేఁ జలనమును గలిగించి, ఆ చలనముచే మానవునకు వలయు పనిని జేయించు సాధనములను గల్పించుట, వానిని తయారుచేయుట, వానిని భద్రముగా నడపుట యంత్రశాస్త్రముయొక్క పని. పొలమునకు నీరు తోడు పంపు, ధాన్యము నాడించు మర, రైలింజను, ఓడ, విమానము, విద్యుత్కేంద్రమునందలి టర్బైను, ఇంటిలోని ఫ్రిజ్జు, ఆస్పత్రిలో రోగికి ఊపిరి నందించు వెంటిలేటరు, ఇవియన్నియు నీ శాస్త్రముయొక్క సంతానమే.

ఈ శాస్త్రమునకు బీజములు మన గ్రామములందును గలవు. కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టా వేయు విధమును మీ యింటి పెద్దలు చూచియే యుందురు. పట్టాను చక్రముకంటెఁ గొంచెము చిన్నదిగాఁ జేసి, మంటలోఁ గాల్చి, అది వ్యాకోచించినపుడు చక్రమున కెక్కించి, వెంటనే నీళ్లు పోయుదురు. ఇనుము సంకోచించి కొయ్యను బిగఁబట్టును. దీనిని లెక్కలోఁ జూతము. ఇనుము ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకిఁ దన పొడవులోఁ బదిలక్షలకు సుమారు 12 వంతులు పెరుగును. చక్రముయొక్క అడ్డుకొలత 1.5 మీటరులైనచో చుట్టుకొలత సుమారు 4.71 మీటరులు. వేఁడిమి 400 డిగ్రీలు హెచ్చినచో నా పట్టా యించుమించు 22.6 మిల్లీమీటరులు సాగును. అంతకంటె నెక్కువ చిన్నదిగాఁ జేసినచో పట్టా చక్రమున కెక్కదు. సరిసమానముగాఁ జేసినచో బిగువు నిలువదు.

కమ్మరికి ఈ లెక్క చేతిలో నున్నది. ఇంజనీరునకు అది కాగితముమీఁద నుండవలెను. ఏలయన, కమ్మరి తన తండ్రి చేసిన చక్రమునే మరలఁ జేయుచున్నాఁడు. అతని యనుభవ మతనికిఁ జాలును. ఇంజనీరో, ఇంతకుముందెవ్వరును జేయని పరిమాణముగల చక్రమునకు, ఎవ్వరును వాడని లోహముతో, ఎన్నఁడును బోని వేగమునకుఁ దగినట్లుగా పట్టా వేయవలసి వచ్చును. రైలింజనుల చక్రములకు ఉక్కుపట్టాలను ఈ విధముగనే వేఁడిచేసి తొడిగిరి. అనుభవము లేనిచోట ముందుగాఁ దెలిసికొను నుపాయము గణితము, ప్రకృతిశాస్త్రములు. ఈ యుపాయమును నేర్చుటకే విశ్వవిద్యాలయము.

2. ఈ విద్య కళాశాలలకు వచ్చిన విధము

జేమ్స్ వాట్ కళాశాలలోఁ జదివి పట్టము పొందినవాఁడు కాఁడు. గ్లాస్గో విశ్వవిద్యాలయమునందుఁ బరికరములు చేయు పనివాఁడు. 1763-64 ప్రాంతమున న్యూకోమెన్ ఆవిరియంత్రముయొక్క చిన్ననమూనా యొకటి మరమ్మతునకై యతనియొద్దకు వచ్చెను. అది అంత యావిరిని ఏల వృథాచేయుచున్నదని యతఁడు విచారించెను. ప్రతిసారియు సిలిండరును జల్లార్చి మరల వేఁడిచేయుటయే యందులకుఁ గారణమని కనుఁగొని, 1765లో ఆవిరిని వేఱొక పాత్రలోఁ జల్లార్చు పద్ధతిని గల్పించి, 1769లో పేటెంటు పొందెను. యంత్రము ముందు పుట్టినది. దాని శాస్త్రము పిమ్మట పుట్టినది. ఏ యావిరియంత్రమైనను దాను పొందిన వేఁడిమిలో ఎంత భాగమును బనిగా మార్పఁగలదను ప్రశ్నకు సాడీ కార్నో యను ఫ్రెంచి యువకుఁడు 1824లోఁ బ్రకటించిన చిన్న గ్రంథమునఁ దొలిసమాధాన మొసంగెను.

1840లో గ్లాస్గో విశ్వవిద్యాలయమునందు ఇంజనీరింగునకు ఆచార్యపీఠము స్థాపింపఁబడెను. 1855లో ఆ పీఠము నధిష్ఠించిన రాంకిన్ అను పండితుఁడు కర్మశాలలోని యనుభవమును శాస్త్రసూత్రములతో సంధించి పాఠ్యగ్రంథములు వ్రాసెను. 1847లో ఇంగ్లండునందలి బర్మింగుహాము పట్టణమున మెకానికల్ ఇంజనీర్ల సంఘ మేర్పడఁగా, రైలింజనుల నిర్మాత జార్జి స్టీఫెన్సన్ దానికిఁ బ్రథమాధ్యక్షుఁ డయ్యెను.

మన దేశమునందు 1794లో మద్రాసున స్థాపింపఁబడిన సర్వేపాఠశాల క్రమముగాఁ బెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల యయ్యెను. అందు 1894లో మెకానికల్ శాఖ ప్రారంభమయ్యెను. 1847లో రూర్కీ కళాశాలయు, 1919లో కాశీ హిందూ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయు, 1929లో హైదరాబాదునందు ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951లో ఖరగ్‌పూరునందు మొదటి ఐ.ఐ.టి. యును, 1959లో వరంగల్లునందు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు స్థాపింపఁబడినవి. ఈ రెండవదియే 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యయ్యెను. 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి. యును, 2015లోఁ దిరుపతి ఐ.ఐ.టి. యును ఏర్పడినవి. ఒకప్పుడు తెలుగు బాలుఁ డీ విద్యకై మద్రాసునకో, కాశికో పోవలసియుండెను. నేఁడు మన రాష్ట్రములందే దానిఁ దుదిమెట్టు వఱకు నభ్యసింపవచ్చును.

3. ప్రవేశించుటకు రెండు దారులు

పదవతరగతి ముగిసిన పిమ్మట మనకు రెండు దారులు కలవు. మొదటిది, ఇంటర్మీడియేటునందు గణిత, భౌతిక, రసాయనశాస్త్రములను రెండేండ్లు చదివి, ప్రవేశపరీక్ష వ్రాసి, నాలుగేండ్ల బి.టెక్. తరగతిలోఁ జేరుట. రెండవది, పాలిటెక్నిక్కులో మూఁడేండ్ల డిప్లొమా చదివి, అటుపిమ్మట ఈసెట్ అను పరీక్ష ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరమున నేరుగాఁ బ్రవేశించుట.

ఈ రెండవ దారిని కొందఱు తక్కువగాఁ జూతురు. అది పొరపాటు. డిప్లొమా విద్యార్థి చిన్ననాఁడే పనిముట్టు పట్టును; ఇంటి పరిస్థితి బాగులేనిచో మూఁడేండ్లకే యుద్యోగమునఁ జేరి కుటుంబమునకుఁ దోడ్పడును; అవకాశము కలిగినపుడు మరలఁ జదువును. బీదకుటుంబముల బాలురకును బాలికలకును ఇది మిక్కిలి యుపయుక్తమైన మార్గము.

ఏ దారిన వచ్చినను గణితమునందు శ్రద్ధ యావశ్యకము. శ్రద్ధ యనఁగా నూటికి నూఱు మార్కులు కాదు. లెక్క తప్పినపుడు ఎచ్చటఁ దప్పెనో వెదకి పట్టుకొను నోపిక. ఆ యోపిక గలవాఁడు మొదట వెనుకఁబడినను నిలుచును; సమాధానమును గంఠస్థము చేయువాఁడు మొదట ముందుండినను రెండవ సంవత్సరమునఁ దొట్రుపడును.

4. నాలుగేండ్లలో నేర్చునవి

మొదటి సంవత్సరమున గణితము, భౌతిక రసాయనశాస్త్రములు, కంప్యూటరు వ్యవహారము, యంత్రచిత్రలేఖనము, కర్మశాలాభ్యాసము ఉండును. యంత్రచిత్రలేఖనము ఇంజనీరుల భాష. దానిచే నొకఁడు విశాఖపట్టణములోఁ దలంచిన వస్తువును వేఱొకఁడు కోయంబత్తూరులో నొక్క మాటయైన నడుగక తయారుచేయఁగలఁడు. కర్మశాలయందు ఆకురాయి పట్టి యినుపముక్కను చదరముగా రాయుట, కొయ్యను గోసి యతుకుట, లోహమును గరఁగించి పోఁతపోయుట నేర్పుదురు. చేతులు మాసినవని సిగ్గుపడు విద్యార్థి యిచ్చటనే తెలిసిపోవును. వడ్రంగి యింటఁ బెరిగిన ప్రభువును గొలుచు మనకు చేతిపని నీచమని తలంచుట తగదు.

రెండవ సంవత్సరమునఁ బదార్థబలశాస్త్రము, ఉష్ణగతిశాస్త్రము మొదలగునవి యారంభమగును. పదార్థబలశాస్త్రమున కొక యుదాహరణము: రెండంగుళముల మందము, ఆఱంగుళముల వెడల్పుగల పలకను రెండు రాళ్లపైఁ బండఁబెట్టి నడుమ బరువుంచిన వంగును. దానినే నిలువుగా నంచుపై నుంచి యంతే బరువు పెట్టిన మిక్కిలి తక్కువగా వంగును. ఎంత తక్కువ? వంగకుండు గుణము వెడల్పుతో నొక్కమాఱును, ఎత్తుతో మూఁడుమాఱులును గుణించిన లబ్ధము ననుసరించును. పండఁబెట్టినపుడు ఆఱును రెండుతో మూఁడుమాఱులు గుణింప 48. నిలువఁబెట్టినపుడు రెండును ఆఱుతో మూఁడుమాఱులు గుణింప 432. అనఁగాఁ దొమ్మిదిరెట్లు గట్టిదనము. ఇంటికప్పునకు దూలము నిలువుగా నుంచవలెనని మన వడ్రంగులకుఁ దెలియును. ఆ నిలువుదనముచేఁ దొమ్మిదిరెట్ల లాభము గలదని చెప్పఁగలుగుట శాస్త్రము.

ఉష్ణగతిశాస్త్రమునందు శక్తి నశింపదని మొదటి సూత్రము చెప్పును. ఐనను వేఁడిమినంతను బనిగా మార్చుట యసాధ్యమని రెండవ సూత్రము హద్దు విధించును. విద్యుత్కేంద్రములో ఆవిరి 540 డిగ్రీల వేఁడిమిగలదై, తుదకు 40 డిగ్రీలవద్దఁ జల్లారుచున్న దనుకొనుఁడు. ఈ డిగ్రీలకు 273 చొప్పునఁ గలిపిన 813, 313 అగును. ఈ రెంటి భేదము 500; దానిని 813చే భాగింప నూటికి 61.5 వచ్చును. ఎంతటి నేర్పరియైనను ఈ రెండు వేఁడిమిల నడుమ నింతకు మించి పనిని రాఁబట్టఁజాలఁడు. నిజమైన కేంద్రములలో రాపిడి మొదలగు నష్టములవలన నూటికి నలుబదికి అటునిటుగా మాత్రమే లభించును. తినకయే పనిచేయు యంత్రమును గనిపెట్టితినని యెవఁడైనను డబ్బు పోగుచేయఁబూనినచో, ఈ సూత్రము నెఱిఁగిన విద్యార్థి తన యూరివారిని ఆ మోసమునుండి కాపాడఁగలఁడు.

మూఁడవ సంవత్సరమునఁ బ్రవాహశాస్త్రము, యంత్రభాగముల రచన, ఉష్ణప్రసారము, తయారీవిధానములు వచ్చును. కొళాయిని మెల్లఁగాఁ దిప్పినపుడు నీటిధార గాజుకడ్డీవలె నిశ్చలముగాఁ గనఁబడును; ఎక్కువగాఁ దిప్పినపుడు కల్లోలమగును. మాంచెస్టరునందలి ఆస్బర్న్ రెనాల్డ్స్ అను నాచార్యుఁడు గాజుగొట్టమునఁ బ్రవహించు నీటిలో సన్నని రంగుధారను విడిచి, అది యెపుడు చెదరునో పరిశీలించి, 1883లోఁ దన ఫలితములను బ్రకటించెను. వేగమును గొట్టపు అడ్డుకొలతచే గుణించి, ద్రవముయొక్క చిక్కదనమును దెలుపు నొక కొలతచే భాగింప వచ్చు సంఖ్యకు నేఁ డతని పేరే కలదు. ఆ సంఖ్య సుమారు 2,000 లోపల నున్నంతవఱకు గొట్టములోని ప్రవాహము సాఫీగా నుండును. 25 మిల్లీమీటరుల గొట్టములో నీరు సెకండునకు మీటరు వేగమునఁ బోవునెడల ఆ సంఖ్య యించుమించు 25,000 అగును. కావున మన యిండ్ల గొట్టములలోని నీరు తఱచుగాఁ గల్లోలముగనే పాఱుచున్నది.

నాలుగవ సంవత్సరమున విద్యార్థి తన కిష్టమైన శాఖలను గొన్నిటిని ఎన్నుకొని, తోడివారితోఁ గలసి యొక ప్రాజెక్టు చేయును. ఇతరులు చేసిన ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుట కొన్నిచోట్ల నలవాటైనది. అట్లు చేయు విద్యార్థి తాను నేర్వవలసిన ముఖ్యవిషయమును దానే యమ్ముకొనుచున్నాఁడు.

5. ఈ విద్యయందలి బాధ్యత

ఇంజనీరు చేసిన తప్పు కాగితముపై నిలిచిపోదు. 1905 మార్చి 20వ తేదిని అమెరికాలోని బ్రాక్టన్ పట్టణమున నొక పాదరక్షల కర్మాగారమందుఁ బ్రాఁత బాయిలరు పగిలి, కట్టడము కూలి, నిప్పంటుకొని 58 మంది మృతినొందిరి. నాఁడు బాయిలరుల పలకలు ఎంత మందముండవలెను, అతుకు లెట్లుండవలెను, ఎవరు పరీక్షింపవలెను అను విషయములందు ఒక్కొక్కచోట నొక్కొక్క పద్ధతి యుండెను. కొన్నిచోట్ల నే పద్ధతియు లేకుండెను. ఆ దుర్ఘటన పిదప 1907లో ఆ రాష్ట్రము నిబంధనలు చేసెను. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము 1911లో నొక ఉపసంఘము నేర్పఱచి, 1915లో బాయిలరుల నియమావళిని బ్రకటించెను. మన దేశమునందు 1923లో బాయిలరుల చట్టము చేయఁబడెను. పాఠ్యపుస్తకములో "భద్రతాగుణకము" అను నొక చిన్న సంఖ్య కనఁబడును. పరీక్షలో దానిని మఱచినవానికి రెండు మార్కులు పోవును. కర్మాగారములో దానిని మఱచినచో, ఉదయము భోజనపుడబ్బా చేతఁబట్టి యింటినుండి బయలుదేరిన మనుష్యులు సాయంకాలము తిరిగిరారు. ఈ సంగతి మనస్సున నిలిచినవానికే యీ పట్టము తగును.

6. ఎం.టెక్. తరగతి

బి.టెక్. ముగిసిన పిమ్మట మఱింత లోఁతుగాఁ జదువఁగోరువారు గేట్ అను నఖిలభారత పరీక్ష వ్రాసి, రెండేండ్ల ఎం.టెక్. తరగతిలోఁ జేరవచ్చును. బి.టెక్.లో శాస్త్రమంతయు విశాలముగాఁ జూపఁబడును, ఎం.టెక్.లో నొక్క శాఖ లోఁతుగాఁ ద్రవ్వఁబడును. ఉష్ణశాఖ, యంత్రరచనాశాఖ, తయారీశాఖ యిందు ముఖ్యములు. మొదటి సంవత్సరమునఁ బాఠములును, రెండవ సంవత్సరమున నొక సమస్యపై స్వయముగాఁ బనిచేసి వ్యాసము వ్రాయుటయు నుండును. పరిశోధన తనకు సరిపడునో లేదో తెలిసికొనుటకు ఈ వ్యాసమే చక్కని పరీక్ష. సరిపడలేదని తెలిసినచో సిగ్గుపడఁ బనిలేదు. కర్మాగారములు, రైల్వేలు, విద్యుత్కేంద్రములు ఇట్టివారికై వేచియున్నవి.

7. పరిశోధనయను తుదిమెట్టు

ఇంతవఱకు చదివిన చదువులో సమాధానము పుస్తకముచివర నుండును, లేదా యుపాధ్యాయునకుఁ దెలిసియుండును. పిహెచ్.డి. యందు సమాధాన మెవ్వరికిని దెలియదు. ప్రశ్నను సైతము విద్యార్థియే సరిగా నేర్పఱచుకొనవలెను.

పరిశోధనకుఁ దగిన ప్రశ్న యెట్లు పుట్టునో యొక యుదాహరణమును జూడుఁడు. 1842 మే 8వ తేదిని వెర్సాయినుండి పారిసునకు వచ్చుచున్న రైలుయొక్క యింజనుఇరుసు మార్గమధ్యమున విఱిగి, బండ్లు ఒకదానిపై నొకటి పడి, నిప్పంటుకొని, ఏఁబదిమందికిఁ బైగా మరణించిరి. ఆ యిరుసు మోయుచుండిన బరువు దాని బలమునకు మించినది కాదు. ఐనచో నెందులకు విఱిగెను? ఈ ప్రశ్న ఇంజనీరులను చాలకాలము బాధించెను. జర్మనీదేశపు రైల్వే యింజనీరు ఆగస్టు వోలర్ ఇరుసులను ద్రిప్పుచు, మాటిమాటికి నటునిటు వంచు యంత్రములను నిర్మించి, సంవత్సరములకొలఁది పరీక్షలు చేసెను. ఒక్కసారి మోపిన విఱుగని బరువే లక్షలసారులు మోపిన విఱుచునని యాతఁడు నిరూపించెను. అంతేకాక, ఒక హద్దునకు లోఁబడిన బరువైనచో ఉక్కు ఎన్నిసారులైనను ఓర్చుకొనునని చూపెను. తీఁగను చేతితో నటునిటు పలుమాఱులు వంచి త్రుంచునపుడు మీరు చూచునది యిదియే. దీనికే లోహపు టలసట యని పేరు. నేఁడు విమానపు ఱెక్కనుండి బస్సుయొక్క స్ప్రింగువఱకు నీ పరీక్ష లేనిదే యేదియు రచింపఁబడదు.

ఇఁక మన దేశీయుఁడగు నొక పరిశోధకుని చదువును మెట్టుమెట్టుగాఁ జూతము. సతీశ్ ధవన్‌గారు 1920లో శ్రీనగరమున జన్మించిరి. లాహోరునందు గణిత భౌతికశాస్త్రములలోఁ బట్టమును, ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ.యును, 1945లో మెకానికల్ ఇంజనీరింగు పట్టమును బొందిరి. పిమ్మట అమెరికాకుఁ బోయి, 1947లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఎం.ఎస్.యును, కాలిఫోర్నియా సాంకేతిక సంస్థయందు హాన్స్ లీప్‌మన్ అను నాచార్యునియొద్దఁ బనిచేసి 1951లో పిహెచ్.డి.యును సంపాదించిరి.

వారి పరిశోధనాంశ మేమన: విమానపు ఱెక్కపై గాలి జాఱిపోవునపుడు దాని తలమును రాచుకొనుటవలనఁ గలుగు లాగుడు ఎంత? ఆ బలమును పరోక్షముగా నంచనా వేయుచుండిరి. ధవన్‌గారు దానిని నేరుగాఁ గొలువఁబూనిరి. నునుపైన పలకలో నొక చిన్నభాగమును సన్నని సందులతో వేఱుచేసి, పలకతో సమతలముగా నుండునట్లు మెత్తని యాధారములపై నిలిపిరి. గాలి రాచినపుడు ఆ ముక్క కంటి కానని యల్పదూరము జరుగును. ఆ జరుగుటను విద్యుత్సాధనముచేఁ గొలిచి బలమును గనిరి. చూచితిరా, ప్రశ్న యెంత చిన్నది! దానికి వలసిన యోపిక యెంత గొప్పది! సందు కొంచెము పెద్దదైనను, ముక్క వెండ్రుకవాసి పైకి లేచినను గొలత తప్పును. పరిశోధన యనఁగా నిట్టి చిన్నతప్పులను ఒక్కొక్కటిగా వెదకి తొలఁగించుటయే.

మన విశ్వవిద్యాలయములందుఁ బరిశోధనక్రమ మిట్టిది. విద్యార్థి యొక యాచార్యుని మార్గదర్శకునిగా స్వీకరించి, కొన్ని పాఠములు చదివి పరీక్షలలో నెగ్గవలెను. తనకు ముందువారు చేసిన పనినంతయుఁ జదివి, ఇంకను మిగిలియున్న ప్రశ్నను గుర్తించి, పరీక్షకసంఘముముందుఁ దన యుద్దేశమును సమర్థించుకొనవలెను. తరువాతఁ బ్రయోగములు లేక గణనలు చేసి, ఫలితములను పత్రికలలోఁ బ్రకటించి, తుదకు సిద్ధాంతగ్రంథమును వ్రాయవలెను. దానిని ఇతర సంస్థల పండితులు పరీక్షింతురు. పిమ్మట మౌఖికపరీక్ష జరుగును. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నియమముల ప్రకారము ఈ చదువునకు గనిష్ఠకాలము మూఁడేండ్లు, సామాన్యముగా గరిష్ఠకాలము ఆఱేండ్లు. ఇంతకాలము ఇంటివా రెట్లు భరింతురని శంక కలుగవచ్చును. అర్హతపరీక్షలలో నెగ్గి ప్రభుత్వసంస్థలలోఁ జేరినవారికి నెలనెల వేతన మొసంగుదురు. కేంద్రప్రభుత్వపు కనిష్ఠ పరిశోధకవేతనము 2023లో నెలకు 37,000 రూపాయలకు హెచ్చింపఁబడెను. కావున బీదతనముచేఁ బరిశోధన యసాధ్యమని తలంపరాదు.

8. తల్లిదండ్రులకు విన్నపము

గోపురము కట్టఁబూనినవాఁడు ముందుగాఁ గూర్చుండి వ్యయము లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించిన యుపమానము మన కందఱికిని దెలిసినదే. చదువు విషయమునను అట్లే చేయుదము. కళాశాల నెన్నునపుడు ద్వారముయొక్క యెత్తును, ప్రకటనలయొక్క రంగును జూడక, కర్మశాలలో యంత్రములు నడచుచున్నవా, వానిపై దుమ్ము పేరుకొన్నదా యని చూడుఁడు. అధ్యాపకు లెందఱు, వారెంతకాలముగా నున్నారని యడుగుఁడు. రెండవ విషయము: కంప్యూటరు ఉద్యోగములకంటె కర్మాగారపు టుద్యోగములందు మొదటి వేతనము తఱచుగాఁ దక్కువగా నుండును. వేతనమే ముఖ్యమైనచో ఈ విషయమును ముందుగనే యెఱిఁగి నిర్ణయింపుఁడు. పిమ్మట పిల్లలను నిందింపకుఁడు.

మూఁడవది బాలికలను గూర్చినది. యంత్రశాస్త్రము మగవారిదనునది మనము కల్పించుకొన్న మాట. మద్రాసునందలి తెలుగు కుటుంబమున 1919లో జన్మించిన ఎ. లలితగారు పదునెనిమిదేండ్లకే భర్తను గోలుపోయి, చంటిబిడ్డతోఁ బుట్టింటికి వచ్చిరి. తండ్రి ప్రోత్సాహమున 1940లో గిండీ కళాశాలయందుఁ జేరి, విద్యుత్ శాఖలో చదువు ముగించి, జమాల్‌పూరు రైల్వే కర్మశాలలో శిక్షణ పొంది, భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో నొక రైరి. వితంతువులు ఇల్లు కదలరాదని తలంచిన కాలమున నొక తండ్రి యంతటి ధైర్యము చూపెను. నేఁడు మనకు వెనుదీయుటకుఁ గారణ మేమున్నది?

9. విద్యార్థులకు

ధవన్‌గారు స్వదేశమునకు వచ్చి 1951లో బెంగుళూరు విజ్ఞానసంస్థయందుఁ జేరి, 1972లో భారత అంతరిక్ష పరిశోధనాసంస్థకు నధ్యక్షులైరి. 1979 ఆగస్టు 10వ తేదిని శ్రీహరికోటనుండి యెగసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమునఁ బడిపోయెను. దాని నిర్మాణమునకు నాయకత్వము వహించినవారు అబ్దుల్ కలాముగారు. వీరు రామనాథపురమున ష్వార్ట్జ్ మిషనరీ పేరఁగల పాఠశాలయందుఁ జదివినవారు. ఆ దినమున ధవన్‌గారు పత్రికలవారి యెదుట నిలిచి యపజయభారమును దామే వహించిరనియు, 1980 జూలై 18వ తేదిని జయము కలిగినపుడు మాటలాడుటకుఁ గలాముగారినే పంపిరనియు కలాముగారు పలుమాఱులు చెప్పియున్నారు. 2002లో ధవన్‌గారు స్వర్గస్థులైన పిదప శ్రీహరికోట కేంద్రమునకు వారి పేరిడిరి. మన తెలుగునేల యంచున నున్న యా ద్వీపమునుండి రాకెట్టు లేచినప్పుడెల్లఁ బలకపైఁ జిన్నముక్క కదలికను గొలిచిన యా విద్యార్థిని దలంచుకొనుఁడు.

ఈ సెలవులలో మీరు చేయఁదగిన పనులు మూఁడు చెప్పుదుము. మొదటిది: చెడిపోయిన సైకిలు పంపు నొకదానిని విప్పి, ప్రతిభాగమును గాగితముపైఁ గొలతలతోఁ జిత్రించి, మరల బిగింపుఁడు. రెండవది: సన్నని పలకను బండఁబెట్టియు, అంచుపై నిలిపియు, నడుమ నొకే బరువు నుంచి యెంత వంగెనో కొలిచి, పైన చెప్పిన లెక్కతోఁ బోల్చుఁడు, భేదము వచ్చినచో నెందులకు వచ్చెనో యోచింపుఁడు. మూఁడవది: మీ యూరి కమ్మరినో, మోటారు మెకానిక్కునో, బియ్యపుమర నడపువానినో కలిసికొని, "ఈ పనిలో మీకుఁ దఱచుగాఁ దగులు చిక్కేమి?" అని వినయముతో నడిగి, వారు చెప్పినది వ్రాసికొనుఁడు. ఈ మూఁడు పనులలో మీకు సంతోషము కలిగినచో యంత్రశాస్త్రము మీకుఁ దగినది. కలుగనిచో మీకుఁ దగిన విద్య వేఱొకటి కలదు, దానినే వెదకుఁడు. మీలోఁ గొందఱైనను ఈ మార్గమునఁ దుదిమెట్టు వఱకు నడచి, మన జనుల శ్రమభారమును దగ్గించి, ప్రాణములను గాపాడు పనిముట్లను గల్పింతురుగాక యని దేవుని వేఁడుకొనుచున్నాము.